రాక్షసి బొగ్గుకు రాత్రి ఉపవాసం

ఈ టపాలో పద్యం లేదు. వ్యాకరణ చర్చ కూడా, ఒక్క మాట మినహాయిస్తే, లేదు. పొయ్యి గురించి రాస్తున్నాను. వంటపొయ్యి కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు ఈశాన్యమూలన, విల్క్స్‌బారీ పట్టణానికి దాపున, మా అమ్మాయీ అల్లుడూ కొనుక్కున్న పాత ఇంటిని వెచ్చగా ఉంచే బొగ్గుపొయ్యి గురించి. ‘వేరు కుంపటి పెట్టుకున్నారు’ అని మనం వాడుకగా అనే మాట వాళ్ళ విషయంలో అక్షరాలా నిజమైంది.

2023 డిసెంబరులో నేనూ మా ఆవిడా వెళ్ళి మార్చి దాకా అక్కడ ఉన్నాము. నడవాలో గోడకు ఒక చిన్న పెట్టె. దానిమీద అంకెలు. అల్లుడు ఇంట్లో ఉన్నంతసేపు 68, ఆఫీసుకు వెళ్ళగానే 62, రాత్రి పదింటికి 60. ఇవన్నీ ఫారన్‌హీటు అంకెలు. మన లెక్కలో 68 అంటే 20 డిగ్రీలు, 60 అంటే పదిహేనున్నర. పడుకునేముందు థర్మోస్టాట్ తగ్గించడం పొదుపరి లక్షణమని, తగ్గించనివాడు దుబారా మనిషని అతని నిశ్చితాభిప్రాయం. అతడు మంచివాడు, లెక్క తెలిసినవాడు. ఈ టపా చదువుతాడు కూడా. చదవాలనే రాస్తున్నాను.

నా వాదం ముందే చెప్పేస్తాను. రాత్రిపూట వేడిని బాగా దించెయ్యాలన్న నియమం గ్యాసు కొలిమి కోసం పుట్టిన నియమం. దాన్ని తెచ్చి బొగ్గుపొయ్యి నెత్తిన రుద్దడం అవివేకం. ఆ ఇంట్లో వయసు మళ్ళినవాళ్ళు ఉన్నప్పుడు అది అవివేకంతో ఆగదు, నిర్దయ అవుతుంది.

నాకేమి తెలుసునని ఈ పెద్దరికం అంటారేమో. పదహారేళ్ళు సింగరేణి ప్రాంతంలో తెలుగు పండితుడిగా పనిచేశాను. ఇల్లెందు దగ్గర 1871లో డాక్టర్ కింగ్ అనే ఆయన బొగ్గు జాడ కనిపెట్టిన నేల అది. నేలలోంచి తవ్విన బొగ్గును మనవాళ్ళు ‘రాక్షసి బొగ్గు’ అన్నారు. ఎవరు పెట్టారో గాని, పేరుకు తగిన పదార్థం. కొత్తగూడెం వైపు కార్మికుల ఇళ్ళలో ఆ బొగ్గుతోనే వంట జరిగేది. పొయ్యి వాకిట్లో రాజేసి, పొగంతా పోయి కణకణలాడిన తరువాతే లోపలికి తెచ్చేవారు. నా క్లాసులో పిల్లలకు నిప్పు సంగతి నాకంటె బాగా తెలుసు. ‘నివురు గప్పిన నిప్పు’ అన్న జాతీయానికి అర్థం చెప్పబోతే ఒక పిల్లవాడు, “సార్, నివురు దులపకుండా బొగ్గేస్తే ఆరిపోతుంది” అన్నాడు. ఇన్నేళ్ళ తరువాత పెన్సిల్వేనియాలో నాకు పనికివచ్చిన పాఠం ఆ పిల్లవాడిదే.

అయితే సింగరేణి బొగ్గు వేరు, వాళ్ళది వేరు. అక్కడిది ఆంత్రసైటు. రాయిలా గట్టి, నల్లటి అద్దంలా మెరుపు, దాదాపు పొగ లేదు. అంటుకోవడం మహా కష్టం. 1808లో విల్క్స్‌బారీలోనే జెస్సీ ఫెల్ అనే ఆయన దాన్ని ఇనుప జల్లెడమీద, కింది నుంచి గాలి తగిలేలా పెట్టి మండించి చూపించేవరకు, అది ఇళ్ళలో వెచ్చదనానికి పనికొస్తుందని చాలామంది నమ్మలేదట. అంటుకున్న తరువాత మాత్రం గంటలతరబడి నిలకడగా కాలుతుంది. ముక్కల పరిమాణాన్ని బట్టి ‘రైస్’, ‘పీ’, ‘నట్’, ‘ఎగ్’ అని పేర్లు. బియ్యం, బటానీ, గింజ, గుడ్డు అన్నమాట. పచారీ కొట్టు పట్టీలా ఉందని మా ఆవిడ నవ్వింది. ఆ చలికాలంలో ఆమె నవ్విన కొద్ది సందర్భాలలో అదొకటి.

మా అల్లుడింట్లో ఉన్నది ‘బియ్యపు బొగ్గు’ను తానే కొద్దికొద్దిగా తోసుకునే యంత్రపు పొయ్యి. స్టోకర్ అంటారు. పైన తొట్టి, కింద వాలుగా పళ్ళెం, పక్కన గాలి ఊదే ఫ్యాను. గది చల్లబడిందని గోడమీది పెట్టె చెబితే యంత్రం బొగ్గును తోస్తుంది. చాలునంటే ఆపుతుంది. ఇక్కడే అసలు సంగతి ఉంది. గ్యాసు కొలిమిని ఆపితే మంట పూర్తిగా ఆరిపోతుంది, కావలసినప్పుడు నిప్పురవ్వతో మళ్ళీ లేస్తుంది. బొగ్గుకు ఆ వెసులుబాటు లేదు. ఎవరూ వేడి అడగకపోయినా నిప్పు బతికి ఉండాలి. అందుకని స్టోకర్‌లో ఒక గడియారం పెడతారు. మా వాళ్ళ దానిలో అది అరగంటకొకసారి రెండు మూడు నిమిషాలు బొగ్గు తోసి నిప్పును బతికిస్తుంది. అంటే రాత్రి అంకె దించినంతమాత్రాన బొగ్గు ఖర్చు ఆగిపోదు. ఉపవాసంనాడు ఫలహారం ఎలాగూ ఉంటుంది.

ఇప్పుడు అల్లుడి లెక్కనే అల్లుడికి అప్పగిస్తాను. బయట సగటున 25 డిగ్రీలు, లోపల 68 అనుకుందాం. తేడా 43. ఇల్లు పోగొట్టుకునే వేడి ఈ తేడాను బట్టి ఉంటుంది. ఎనిమిది గంటలపాటు ఎనిమిది డిగ్రీలు దించితే, రోజు మొత్తం మీద తగ్గేది 1032లో 64, నూటికి ఆరు. అదైనా పదింటికి అంకె మార్చగానే ఇల్లు తక్షణం 60కి దిగిపోయి, ఆరింటికి తక్షణం 68కి ఎక్కితేనే. అలా జరగదు. గోడలు మెల్లగా చల్లారతాయి. కనుక నిజమైన ఆదా ఆరుకు లోపే. ఆ చలిలో మా ఇంటికి రోజుకు 50 పౌన్లు పట్టేది. ఆరు శాతమంటే మూడు పౌన్లు, సుమారు కిలోన్నర బొగ్గు. ఆదా లేదని నేననను, ఉంది. ఉన్నది ఇంత.

ఆ మూడు పౌన్లు తెల్లవారి ఏమయ్యేవో కూడా చూశాను. ఆరింటికి పెట్టె ఒక్కసారిగా ఎనిమిది డిగ్రీలు అడిగేది. రాత్రంతా సన్నటి చారగా మిగిలిన నిప్పుమీద యంత్రం ఎడతెరిపి లేకుండా బొగ్గు తోసేది. పూర్తిగా కాలీకాలకముందే ఎర్రటి ముక్కలు పళ్ళెం అంచు దాటి బూడిద తొట్టిలో పడేవి. ఒక ఉదయమైతే నిప్పు రాత్రే ఆరిపోయింది. ఆ సంగతి యంత్రానికి తెలియదు. గోడమీది పెట్టె అడుగుతూనే ఉంది, యంత్రం తోస్తూనే ఉంది. దిగి చూస్తే తొట్టినిండా నల్లటి పచ్చిబొగ్గు. ఒక నెల ఆదా ఆ తొట్టిలో ఉందని నా అంచనా. అల్లుడు ఆఫీసు మానుకుని రెండు గంటలు కష్టపడి మళ్ళీ అంటించాడు. ఆ రెండు గంటలు ఏ లెక్కలో వెయ్యాలో అడగలేదు. అడగవలసింది.

ఇక నేను చెబుతానన్న ఒక్క మాట. థర్మోస్టాట్‌కు తెలుగు చెయ్యబోయి మన మిత్రులు రకరకాల సమాసాలు కల్పిస్తుంటారు. ముందు మూలపదం చూడండి. గ్రీకులో థర్మోస్ అంటే వేడి, స్టాటోస్ అంటే నిలిచి ఉన్నది. 1830లో ఆండ్రూ యూర్ తన పరికరానికి ఆ పేరు పెట్టాడు. వేడిని నిలిపి ఉంచేది అని కదా తాత్పర్యం? రోజుకు నాలుగుసార్లు దించి ఎక్కించడానికి దాన్ని వాడుకుని, అదే దాని పరమప్రయోజనం అనడం పదానికీ అన్యాయమే. బొగ్గుకూ థర్మోస్టాటుకూ పొత్తు కుదరదనడం నా ఉద్దేశం కాదు. 1885లో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ కనిపెట్టిన యంత్రం బొగ్గు కొలిమి కోసమే. గది చల్లబడితే చిన్న మోటారు కొలిమి గాలితలుపును ఎత్తేది, వెచ్చబడితే దించేది. ఇంటాయన మాటిమాటికీ నేలమాళిగకు దిగే బాధ తప్పించడం దాని పని. పుట్టుకలో బొగ్గుకు సేవకుడైనవాడు ఇప్పుడు యజమాని అయ్యాడు, అంతే.

మరి ఈ రాత్రి ఉపవాసం ఎక్కడినుంచి వచ్చింది? 1977 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వెటర్ తొడుక్కుని, నిప్పు పక్కన కూర్చుని టీవీలో దేశప్రజలతో మాట్లాడాడు. పగలు 65, రాత్రి 55 పెట్టుకొమ్మని కోరాడు. అది ఘోరమైన చలికాలం, దేశంలో సహజవాయువుకు కొరత. గ్యాసు ఆదా చెయ్యమన్న విన్నపం అది. సమయానికి తగిన మాట. ఇప్పుడు అమెరికా ఇంధన శాఖ చెప్పేది, రోజుకు ఎనిమిది గంటలపాటు 7 నుంచి 10 డిగ్రీలు దించితే ఏడాదికి పదిశాతం దాకా ఆదా కావచ్చునని. ‘దాకా’ అన్న మాటను మా అల్లుడితో సహా అందరూ మింగేస్తారు. అదే శాఖ హీట్‌పంపులకు ఈ పద్ధతి సాధారణంగా తగదనీ, ఆవిరితోనూ నేల అడుగు గొట్టాలతోనూ వెచ్చబడే ఇళ్ళు నెమ్మదిగా స్పందిస్తాయి గనక వాటి సంగతి వేరనీ కూడా చెప్పింది. సూత్రం చదివి అపవాదాలు వదిలేస్తే ఏమవుతుందో వ్యాకరణం చదివినవాళ్ళకు చెప్పనక్కరలేదు. బొగ్గుపొయ్యి కంటే నెమ్మది అయినది ఇంకేముంది?

చేతితో బొగ్గువేసే పొయ్యిలలో అయితే గోడమీద పెట్టె కూడా ఉండదు. పొయ్యికే వేడికి వంగే లోహపు బద్దతో చిన్న గాలితలుపు, దాన్ని తిప్పే మీట. కరెంటుతో పనిలేదు. మా అల్లుడి పక్కింటి ముసలాయనది అలాంటిది. తాత బొగ్గుగనిలో పనిచేశాడట. ఆయన ఉదయమూ సాయంత్రమూ ఒకసారి బూడిద దులిపి, బొగ్గు నిండుగా వేసి, మీటను ఒక గీత జరిపితే మళ్ళీ సగంరోజు దాకా ముట్టుకోడు. రాత్రికి ఎంత తగ్గిస్తారని అడిగాను. ఎందుకు తగ్గించాలని ఎదురు అడిగాడు. ఆత్రగాళ్ళు రాత్రి బాగా బిగించేసి, పొద్దున్న చలికి లేచి బూడిద తలుపు బార్లా తెరిచి, కాఫీ పెట్టుకుంటూ మరిచిపోతారనీ, పొయ్యి ఎర్రగా కాలి అదుపు తప్పేది అలాంటప్పుడేననీ చెప్పాడు. ఆయన మాట మా అల్లుడికి పాతకాలపు చాదస్తంగా తోచింది. మా కొత్తగూడెం పిల్లవాడు మాత్రం ఆయనతో సరిగ్గా ఏకీభవించి ఉండేవాడు.

ఇంతవరకు డబ్బు సంగతి. డబ్బుతోనే పోతే నేను నోరు మూసుకుని మార్చి దాకా గడిపి వచ్చేవాణ్ణి.

మా ఆవిడ మోకాళ్ళనొప్పుల మనిషి. మొదటి వారం రెండు శాలువలు, రెండో వారం మూడు. రాత్రి రెండింటికి లేచి కూర్చునేది. అమ్మాయి అడిగితే “బాగానే ఉందమ్మా, మాకేం?” అనేది. కూతురింట్లో అల్లుడు పెట్టిన అంకెను మార్చమనడం ఆమె పెరిగిన పద్ధతిలో లేదు. అల్లుడు దయగా “అత్తయ్యగారూ, ఇంకో స్వెటర్ తెచ్చిపెడతాను” అనేవాడు. తెచ్చాడు కూడా. ఒక సాదా థర్మామీటరు కొనిపించి మేము పడుకునే ఉత్తరపు గదిలో పెట్టాను. తెల్లవారుజామున నడవాలో పెట్టె 61 చూపిస్తుంటే మా గదిలో 56. మన లెక్కలో పదమూడు డిగ్రీల చిల్లర. గోడమీది పెట్టె తానున్న చోటు సంగతే చెబుతుంది. అది వేలాడుతున్నది వంటింటి గుమ్మం పక్కన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన సూచనలలో చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలనీ, ముసలివాళ్ళకూ పిల్లలకూ జబ్బుపడినవాళ్ళకూ అంతకన్న ఎక్కువ కావలసి రావచ్చుననీ ఉంది. వృద్ధుల ఆరోగ్యం చూసే అమెరికా జాతీయ సంస్థ ఇంకా సూటిగా, పెద్దవాళ్ళున్న ఇంట్లో 68కి తగ్గనివ్వవద్దంటుంది. 60, 65 డిగ్రీల ఇంట్లో కూడా వాళ్ళ ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడవచ్చునట. మా అల్లుడు లాప్‌టాప్ ముందు పెట్టి ఇవి చూపించాను. ‘చలికి అలవాటు పడాలి’ అనే మిత్రులకు కూడా ఇదే సమాధానం. అరవయ్యారేళ్ళ ఒంటికి మూడు నెలలలో నేర్పగల విద్య కాదిది.

జనవరిలో ఒక రాత్రి చలి విరిగి వాన పడింది. బయటే వెచ్చగా ఉండడంతో ఇల్లు 60కి దిగనే లేదు, యంత్రాన్ని ఎవరూ పిలవలేదు. నిప్పు నివురు కింద నీరసించింది. రెండున్నరకు నేలమాళిగ మెట్ల దగ్గరున్న కార్బన్ మోనాక్సైడు అలారం కూసింది. అందరమూ దుప్పట్లతో బయట వానలో కారులో కూర్చున్నాము. అగ్నిమాపక దళం వచ్చి కొలిచి, తలుపులన్నీ తెరిపించి, పొయ్యి ఆర్పించింది. మర్నాడు పొగగొట్టం శుభ్రం చేసేవాడు పొయ్యి వెనక అడ్డగొట్టంలోంచి బకెట్టెడు మెత్తటి బూడిద తీశాడు.

నిజం నిజంలా చెప్పాలి. ప్రథమ దోషి ఆ బూడిదే, అంకె కాదు. అయితే అదే బూడిదతో అంతకుముందు వారాలు, నిప్పు జోరుగా ఉన్నన్నాళ్ళూ, అలారం కూయలేదు. పొగగొట్టం వేడిగా ఉంటేనే పైకి లాగుతుంది. నిప్పు మందగిస్తే గొట్టం చల్లారుతుంది. బయట వెచ్చగా ఉంటే ఆ లాగుడు మరింత తగ్గుతుంది. అప్పుడు పైకి పోవలసింది ఇంట్లోకి తిరుగుతుంది. కొత్తగూడెంలో పొగ పోయాక ఇక భయం లేదనుకునేవాళ్ళం. అది తప్పు. పొగ కంటికీ ముక్కుకూ తెలుస్తుంది. ఈ వాయువు దేనికీ తెలియదు. ఆంత్రసైటుకు పొగే లేదు గనక హెచ్చరించేది ఆ అలారం ఒక్కటే. మన ఊళ్ళలో బాలింత గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టే ఇళ్ళు ఇంకా ఉంటే వాళ్ళూ ఇది చదవాలి.

పర్యావరణం మాటేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. బొగ్గు మానెయ్యాలనేవారితో నాకు పేచీ లేదు. గనుల పక్కన బతికినవాణ్ణి, దాని ఖరీదు తెలుసు. పొయ్యి తీసేసి మరొకటి పెట్టండి, కిటికీల సందులు పూడ్చండి, అటకమీద వేడి పోకుండా మెత్త వెయ్యండి. అవి చెయ్యకుండా ముసలమ్మను వణికించి రోజుకు కిలోన్నర బొగ్గు మిగిల్చి భూమిని ఉద్ధరించామనుకోవడం మాత్రం నాకు రుచించదు.

అలారం కూసిన మూడోనాడు అల్లుడు తానే వచ్చి, “మావయ్యగారూ, ఎంత పెట్టమంటారు?” అన్నాడు. నడవాలో ఎంతని కాదు, మీ అత్తయ్య గదిలో 68 ఉండేలా పెట్టమన్నాను. దానికి నడవాలో 71 కావలసి వచ్చింది. రాత్రికి రెండు డిగ్రీలకు మించి దించకుండా, మార్చినప్పుడల్లా ఒక్కొక్క డిగ్రీయే మార్చి సగంరోజు ఆగి చూసేట్టు ఒప్పందం. రాత్రివేళ మా గది తలుపు తెరిచి ఉంచి, ఒక చిన్న ఫ్యాను పెడితే ఆ రెండు డిగ్రీల లోటూ చాలావరకు తీరింది. చలి విరిగిన రోజులలో గడియారాన్ని ఒక నిమిషం పెంచాలి. పడకగదుల దగ్గర మరో రెండు అలారాలు. గొట్టం ఏటా చలికాలానికి ముందే శుభ్రం. ఆ తరువాత మేమున్నన్నాళ్ళూ నిప్పు ఒక్కసారీ ఆరలేదు. బొగ్గు వారానికి ఒక బకెట్టు ఎక్కువ పట్టింది. మా ఆవిడ రెండో శాలువ మడిచి పెట్టెలో పెట్టేసింది.

మేము తిరిగి వచ్చేశాక మొన్న చలికాలంలో ఫోను చేసి ఎంత పెట్టారని అడిగాను. “మేమిద్దరమేగా మావయ్యగారూ, 67. రాత్రి 65” అన్నాడు. రెండు డిగ్రీల తేడాకు దెబ్బలాడే మనిషిని కాను గనక అలారంలో బ్యాటరీలు మార్చావా అని మాత్రం అడిగాను. మార్చాడట.